గాలిలేని నల్లరాతి లోకము

పోయిన సంక్రాంతికి మా ఊరు వెళ్లితిని. ఆదిలాబాదు ప్రాంతమున నల్లరేగడి చేల నడుమనున్న చిన్న గ్రామము మాది. ఒక సాయంకాలము మా పెదతండ్రిగారు పదిమందితో రచ్చకట్టమీద కూర్చుండి, నన్ను దగ్గరకు పిలిచి యిట్లడిగిరి: "ఏమి బిడ్డా! ఆకాశములో మన భూమివంటి భూములు వేలకొలది దొరకినవని నా మనుమడు చెప్పుచున్నాడు. ఇచ్చట చెరువు పూడిపోయినది. బోరులో నీరు అడుగంటినది. ఈ భూమి చెడిపోయినను భయము లేదు, ఇంకొక భూమికి పోవచ్చునని కూడ వాడనుచున్నాడు. ఈ మాట నిజమా?"

ఆ ప్రశ్న వేసినప్పుడు ఆయన ముఖమున పరిహాసము లేదు. అరువది యేండ్లు ఒకే చేనిని దున్నిన మనిషి అడిగిన ప్రశ్న అది. చుట్టునున్నవారు కూడ నా జవాబు కొఱకు చూచిరి. "సగము నిజము, సగము కాదు" అని మాత్రము నేనంటిని. ఆ సగము నిజమేదో, కాని సగమేదో విడమరచి చెప్పుటకు నాకప్పుడు తగిన మాటలు చిక్కలేదు. ఆనాడు చెప్పలేకపోయిన జవాబును ఈనాడు మీ అందఱియెదుట చెప్పవలెనని ఈ ప్రసంగమునకు పూనుకొంటిని.

మొదట నిజమైన సగము. రాత్రి మనకు కనబడు నక్షత్రములన్నియు మన సూర్యునివంటి అగ్నిగోళములే. వానిలో అనేకముల చుట్టు గ్రహములు తిరుగుచున్నవి. మన సూర్యునిబోలిన నక్షత్రము చుట్టు తిరుగు గ్రహమును 1995వ సంవత్సరమున మేయర్, క్వెలోజ్ అను స్విట్జర్లాండు పండితులు మొదటిసారి కనుగొనిరి. అప్పటినుండి నేటివరకు ఇట్టి పరలోకగ్రహములు ఆరువేలకు పైగా లెక్కకు వచ్చినవి. వానిలో కొన్ని మన గురుగ్రహమువలె పెద్ద వాయుగోళములు. కొన్ని మన భూమివలె రాతితో ఏర్పడినవి. మనుమడు చెప్పినది ఇంతవరకు సత్యమే.

కాని "భూమివంటిది" అనుమాటకు అర్థమేమి? రాయి రాతివంటిదైనంత మాత్రమున ఊరు ఊరివంటిది కాగలదా? ఈ సంగతి తేలుటకు ఆరువేలలో ఒక్కదానిని తీసికొని, దానిమీద మనము నిలిచినట్లు ఊహించుకొందము. ఆ ఊహ గాలిమేడ కాకుండుటకు, పండితులు కొలిచిన కొలతల మీదనే దానిని నిలుపుదును.

నేనెన్నుకొన్న గ్రహమునకు ఖగోళశాస్త్రజ్ఞుల పట్టికలో "ఎల్.హెచ్.ఎస్. 3844 బి" అని పేరు. అది నోరు తిరుగని పేరు. 2023వ సంవత్సరమున అంతర్జాతీయ ఖగోళ సంఘమువారు, కోస్టారికా దేశస్థుల కోరికపై, దీనికి "కువాకువా" అని నామకరణము చేసిరి. ఆ దేశపు ఆదివాసుల బ్రిబ్రి భాషలో ఆ మాటకు సీతాకోకచిలుక అని అర్థము. అది తిరుగు నక్షత్రమునకు పూలతేనె త్రాగు ఒక చిన్న పిట్ట పేరు పెట్టిరి. పువ్వుచుట్టు సీతాకోకవలె ఆ గ్రహము తన నక్షత్రమును వదలక తిరుగుచున్నది గాని, అచ్చట పువ్వు లేదు, చిలుక లేదు. ఆ సంగతి ముందు చూతము.

ఆ నక్షత్రము దక్షిణాకాశమున ఇండస్ అను తారల గుంపులో నున్నది. మన తెలుగు దేశమునుండి చూచినచో దక్షిణపు దిక్కున నేలనంటుకొనినట్లు మిక్కిలి దిగువగా ఉదయించి అస్తమించును. అయినను అది వట్టి కంటికి కనబడదు. అంత చిన్నది, అంత మందమైనది. దాని వెలుగు మనలను చేరుటకు నలువది యెనిమిదిన్నర సంవత్సరములు పట్టుచున్నది. సూర్యుని వెలుగు ఎనిమిది నిమిషములలో మన ముంగిటికి వచ్చును. దీనినిబట్టి దూరమును మీరే ఊహింపుడు.

కంటికి కనబడని నక్షత్రము, దాని చుట్టు అంతకంటె చిన్నదియు చీకటిదియునైన గ్రహము. దీనిని ఎట్లు కనిపెట్టిరి? గ్రహణము మీకు తెలియును. సూర్యునికి మనకు నడుమ చంద్రుడు వచ్చిన సూర్యుని వెలుగు తగ్గును. అట్లే శుక్రుడు అడ్డము వచ్చినచో సూర్యబింబముమీద ఒక నల్లని చుక్క ప్రాకినట్లు కనబడును. 1874వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన అట్టి శుక్రసంక్రమణము జరిగినది. విశాఖపట్టణమున అంకితము వేంకట నరసింగరావుగారు, తమ మామగారు గోడే వేంకట జగ్గారావుగారు నెలకొల్పిన వేధశాలలో దూరదర్శిని పెట్టి దానిని పరిశీలించిరి. మన తెలుగువాడొకడు ఆనాడు చూచిన ఆ చుక్క వంటిదే కువాకువా కూడ. అయితే అది చుక్కగా కనబడునంత దగ్గరలో లేదు. నక్షత్రపు వెలుగు కొంచెము తగ్గుట మాత్రమే తెలియును.

అమెరికావారు 2018వ సంవత్సరము ఏప్రిలులో "టెస్" అను దూరదర్శినిని ఆకాశమునకు పంపిరి. దాని పని వేలకొలది నక్షత్రముల వెలుగును రెప్ప వేయక కాచియుండుట. కాపలాకు పోయిన కొలది నెలలలోనే అది ఈ చిన్న నక్షత్రమున ఒక వింత చూచెను. దాని వెలుగు వేయింట నాలుగు వంతులు తగ్గి, మరల యథాస్థితికి వచ్చుచున్నది. ఇట్లు సరిగా పదునొకండు గంటల కొకసారి, గడియారము కొట్టినట్లు జరుగుచున్నది. తగ్గిన వెలుగును బట్టి గ్రహపు పరిమాణము తెలిసినది: మన భూమికి ఒకటింబావుకంటె కొంచెము ఎక్కువ, అనగా అడ్డుకొలత సుమారు 16,600 కిలోమీటర్లు. మన భూమి అడ్డుకొలత 12,742 కిలోమీటర్లు. గ్రహణముల నడిమి కాలమును బట్టి దాని సంవత్సరము తెలిసినది.

ఆ సంవత్సరము పదునొకండు గంటలు. మనము తెల్లవారి పొలమునకు పోయి ప్రొద్దుగుంకి ఇల్లు చేరులోపల ఆ గ్రహము తన సూర్యుని ఒక చుట్టు చుట్టివచ్చును. మనకు ఒక సంవత్సరము గడచునప్పటికి దానికి సుమారు 790 సంవత్సరములు గడచును. ప్రభవ మొదలు అక్షయ వఱకు గల అరువది సంవత్సరముల చక్రము అచ్చట ఇరువదెనిమిది దినములలో ముగియును. పుట్టిన బిడ్డకు నెల నిండకమునుపే షష్టిపూర్తి చేయవలసివచ్చును!

ఇంత త్వరగా చుట్టి వచ్చుటకు కారణము సామీప్యము. మన భూమి సూర్యునికి 15 కోట్ల కిలోమీటర్ల దూరమున నున్నది. కువాకువా తన నక్షత్రమునకు 9 లక్షల 30 వేల కిలోమీటర్ల దూరమున మాత్రమే యున్నది. మన చంద్రుడు మనకున్న దూరమునకు ఇది రెండున్నర రెట్లు కూడ లేదు. ఆ నక్షత్రము మన సూర్యునిలో అయిదవవంతు వెడల్పు గల ఎఱ్ఱని చిన్న నక్షత్రము. దాని మొత్తము కాంతి మన సూర్యుని కాంతిలో మూడువందల యేబదవ వంతు కూడ లేదు. అయినను కుంపటి చిన్నదైనను ఒడిలో పెట్టుకొనినచో కాలక మానునా? మన నేలమీద పడు వేడిమికి డెబ్బది రెట్లు ఆ నేలమీద పడుచున్నది.

ఇక మరియొక విశేషము. మీరు గానుగ చూచియున్నారు. గానుగచుట్టు తిరుగు ఎద్దు ఎన్ని చుట్లు తిరిగినను ఒకే డొక్కను రోలువైపు పెట్టి తిరుగును. రెండవ డొక్క ఎప్పుడును బయటివైపే యుండును. మన చంద్రుడు కూడ భూమిచుట్టు ఇట్లే తిరుగుచున్నాడు. కావుననే చంద్రుని ఒక ముఖమే మనకు తెలియును. నక్షత్రమునకు ఇంత దగ్గరగా తిరుగు గ్రహమును ఆ నక్షత్రపు ఆకర్షణశక్తి పట్టి, కాలక్రమమున గానుగెద్దువలె చేయును. అందుచేత కువాకువాలో ఒక సగమున ఎల్లప్పుడు పగలు, రెండవ సగమున ఎల్లప్పుడు రాత్రి. అచ్చట ప్రొద్దుపొడుపు లేదు, ప్రొద్దుగుంకుట లేదు. వారము లేదు, తిథి లేదు. పంచాంగకర్తకు అచ్చట పని లేదు.

ఆ పగటి సగమున ఎంత వేడి గలదు? దానిని కూడ కొలిచిరి. దూరపు వెలుగును విడదీసి అందలి పదార్థమును, వేడిని తెలిసికొనుట మన దేశమునకు క్రొత్త గాదు. 1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినప్పుడు, జాన్సెన్ అను ఫ్రెంచి పండితుడు మన గుంటూరునకు వచ్చి, సూర్యుని అంచున లేచు మంటల వెలుగును పరికరముతో విడదీసి, అవి మండుచున్న వాయువులని తేల్చెను. ఆనాడు గుంటూరులో జరిగిన పనికి ఈనాటి పని మనుమడు వంటిది.

కంటికి కనబడు వెలుగుకంటె, వేడి వస్తువులనుండి వచ్చు ఉష్ణకిరణములను పట్టు "స్పిట్జర్" అను దూరదర్శిని ఒకటి 2003 మొదలు 2020 జనవరి వఱకు ఆకాశమున పనిచేసినది. 2019వ సంవత్సరమున లారా క్రైడ్‌బర్గ్ అను పండితురాలును, ఆమె తోడివారును దానిని ఈ నక్షత్రమువైపు త్రిప్పి నూఱు గంటలసేపు విడువక చూచిరి. అనగా కువాకువాకు తొమ్మిది సంవత్సరములు! వారు చూచినదేమన, చంద్రునికి వలెనే ఆ గ్రహమునకును అమావాస్య పూర్ణిమలు గలవు. నక్షత్రమునకు ముందు వచ్చినప్పుడు దాని చీకటి ముఖము మనవైపుండును, అది అమావాస్య. నక్షత్రము వెనుకకు పోబోవునప్పుడు దాని పగటి ముఖము మనవైపుండును, అది పూర్ణిమ. పూర్ణిమనాడు వచ్చిన వేడినుండి అమావాస్యనాడు వచ్చిన వేడిని తీసివేసినచో రెండు ముఖముల సంగతియు తెలియును.

లెక్క యిట్లు తేలినది. పగటి ముఖపు వేడి సుమారు 770 డిగ్రీల సెంటీగ్రేడు. రాత్రి ముఖమునుండి ఆ దూరదర్శినికి అందదగిన వేడి రానే లేదు.

ఈ రెండవ మాట చిన్నదిగా తోచును గాని, పెద్దలారా, అసలు రహస్యమంతయు అందులోనే యున్నది. మన ఊళ్లలో వేసవి మధ్యాహ్నము బండ కాలిపోవుచున్నను, చెట్టునీడన కూర్చుండగలము. రాత్రియైన వెంటనే మనము గడ్డకట్టిపోము. ఎందుచేత? గాలి వేడిని ఒకచోటినుండి మరియొక చోటికి మోయుచున్నది. పగటి వేడిని రాత్రికి దాచుచున్నది. సముద్రపు చల్లదనమును నేలకు, నేల వేడిని సముద్రమునకు చేర్చుచున్నది. కువాకువా మీద దట్టమైన గాలి యున్నచో, పగటివైపు వేడిలో కొంత రాత్రివైపునకు తప్పక చేరియుండును. చేరలేదు. కావున అచ్చట చెప్పదగిన గాలి లేదు. ఎన్నడైన ఉండియుండినను, అది పోయినది. చిన్న ఎఱ్ఱ నక్షత్రములు తమ వయసు తొలినాళ్లలో ఉగ్రములై యుండును. తీక్ష్ణకిరణములను, విద్యుత్కణముల గాలివానలను వెదజల్లును. అంత దగ్గరనున్న గ్రహపు వాయుమండలము ఆ తాకిడికి, తూర్పారబట్టిన పొల్లువలె ఎగిరిపోవును.

ఆ నేల ఏ రాతితో ఏర్పడినదో కూడ కొంత తెలిసినది. సున్నము వేసిన డాబా ఎండలో తక్కువ కాలును. నల్లబండ ఎక్కువ కాలును. ఎంత వెలుగు పడినది, ఎంత వేడి పుట్టినది అను రెండింటిని సరిచూచినచో రాతి రంగు తెలియును. కువాకువా పడిన వెలుగునంతయు దాదాపు మ్రింగివేయుచున్నది. హైదరాబాదు చుట్టునున్న బూడిదవన్నె గ్రానైటు గుట్టలవంటి లేతవన్నె రాయి ఆ కొలతకు సరిపడలేదు. సరిపడినది బసాల్టు. అనగా లోపలినుండి పొంగిన రాతిద్రవము చల్లారి గడ్డకట్టిన నల్లరాయి.

ఆ రాయి మనకు పరాయిది కాదు. ఆదిలాబాదు, వికారాబాదు ప్రాంతముల నేల క్రింద నున్నది అదే. రాజమహేంద్రవరము దగ్గర కాతేరు గనులలో కొట్టుచున్నదియు అదే. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట దక్కను పీఠభూమిమీద నేల పగిలి, ఆ ద్రవము పొరలు పొరలుగా పాఱి గడ్డకట్టినది. అందుచేతనే ఈ గ్రహమును నేను ఎన్నుకొంటిని. మా ఊరి రాయియే అచ్చట నున్నది.

ఇప్పుడు ఆ నల్లరాతిమీద నిలుతము. ఊహ గనుక మన కాళ్లు కాలవు.

మొదట పగటి నడిబొడ్డున. నడినెత్తిన నక్షత్రము నిలిచియున్నది. కదలదు. మీరు చేయి ముందునకు చాచి, వ్రేళ్లు విప్పి జేన పట్టి చూడుడు. ఆ నక్షత్రపు వెడల్పు ఆ జేనకు కొంచెము తక్కువ. మన సూర్యబింబమునకు ముప్పది రెట్లు వెడల్పు. అంత పెద్ద నిప్పుపళ్లెము తలమీద నున్నను చుట్టునున్న ఆకాశము నీలముగా లేదు. కాటుకవలె నల్లగా నున్నది. ఆకాశమునకు నీలిరంగు తెచ్చునది గాలియే గదా! మేఘము లేదు, ఎండమావి లేదు. ప్రక్కన కొండచరియ విరిగిపడినను చప్పుడు వినరాదు. చప్పుడును మోయునదియు గాలియే. క్రింద నేల ఎంత కాలుచున్నదనగా, కమ్మరి కొలిమిలో నాగటి కఱ్ఱు ఎఱ్ఱబారునే, ఆ వేడి. సీసము 327 డిగ్రీలకు కరగును, తగరము 232 డిగ్రీలకు, సత్తు 660 డిగ్రీలకు. కావున మన వంటింటి సత్తుగిన్నె అచ్చట పెట్టినచో నీరైపోవును. రాగిచెంబు మాత్రము నిలుచును. దానికి 1,085 డిగ్రీలు కావలెను. గ్రహమంతయు మన భూమివంటి రాతితోనే కూడియున్నచో దాని ఆకర్షణ కూడ మనకంటె మూడవవంతు ఎక్కువగా నుండును. 75 కిలోల ధాన్యపు బస్తా నూఱు కిలోల బస్తావలె వీపును క్రుంగదీయును.

అచ్చటినుండి రాత్రివైపునకు నడతము. పోను పోను నక్షత్రము పడమటికో తూర్పునకో వ్రాలినట్లు క్రిందికి దిగును. అది దిగుట మనము నడచుటచేతనే, దానంతటది దిగదు. కొంతదూరము పోయిన పిమ్మట దాని క్రిందియంచు నేలను తాకును. ఇంకను పోగా సగము మునుగును. ఇంకను పోగా పైయంచు మునుగును. బింబము పెద్దదగుటచేత, మొదటి తాకుడు మొదలు పూర్తిగా మునుగువఱకు మనము నడువవలసిన పట్టీ సుమారు 2,300 కిలోమీటర్ల వెడల్పుండును. దానిని ఆ లోకపు సంధ్య యనవచ్చును. మన సంధ్య గడియసేపటి కాలము. వారి సంధ్య ఒక దేశము. ఒకచోట నిలుచున్నవానికి సగము మునిగిన ఎఱ్ఱని బింబము యుగయుగములు అట్లే నిలిచియుండును.

దానిని దాటినచో తెల్లవారని రాత్రి. నల్లని ఆకాశమున లెక్కలేని నక్షత్రములు. అవి మిణుకుమిణుకుమనవు, ఆ మిణుకును మన గాలి కలిగించునదే. రాయి తనకున్న కొద్దిపాటి వేడిని శూన్యములోనికి వదలివదలి గొప్ప శీతలమున పడియుండును. కప్పుటకు గాలిదుప్పటి లేదు.

ఇచ్చట మీలో ఒకరికి సందేహము రావచ్చును. "అటు నిప్పు, ఇటు చలి. నడుమనున్న సంధ్యలో ఎచ్చటనో సమశీతోష్ణమైన చోటుండును గదా! అచ్చట కాపురముండరాదా?" అని. ఇది మంచి సందేహము. రాతి వేడి మన శరీరమునకు సరిపోవు గీత ఒకటి ఆ పట్టీలో ఎచ్చటనో ఉండవచ్చును. కాని ఆ గీతమీద నిలిచినవానికి పీల్చుటకు గాలి లేదు. గాలి ఒత్తిడి లేనిచోట నీరు నీరుగా నిలువదు, ఆవిరియై పోవును. నీరు లేనిదే గింజ మొలవదు. నక్షత్రపు తీక్ష్ణకిరణములను ఆపు తెర లేదు. చలియు వేడియు సరిపోయినంత మాత్రమున బ్రదుకు సరిపోదు. పంటకు ఎండ చాలునని ఏ రైతును అనడు గదా!

గాలి యుండిన చాలునా అన్న, అదియు కాదు. మన ఇరుగుపొరుగు గ్రహములను చూడుడు. బుధునికి చెప్పదగిన గాలి లేదు. అందుచేత పగలు 430 డిగ్రీల వేడి, రాత్రి సున్నకు దిగువ 180 డిగ్రీల చలి. శుక్రునికి గాలి మితిమీరి యున్నది. బొగ్గుపులుసు వాయువు దట్టముగా క్రమ్మి, లోనికి వచ్చిన వేడిని బయటికి పోనీయక, నేలను రాత్రింబవళ్లు 460 డిగ్రీలకు పైగా కాల్చుచున్నది. సూర్యునికి దగ్గరనున్న బుధునికంటె దూరముననున్న శుక్రుడే ఎక్కువ వేడి. లేమియు చేటే, అతియు చేటే. ఈ రెంటి నడుమ తగుమాత్రపు గాలియు, నిలుచు నీరును, ఇరువదినాలుగు గంటలకొకసారి త్రిప్పి త్రిప్పి ఎండబెట్టి నీడబెట్టు భ్రమణమును కలిసియున్న చోటు మన యెఱుకలో ఒక్క భూమియే.

ఆ గాలి ఎంతటిదో కూడ చెప్పెదను. భూమిమీది గాలిలో మూడువంతులు మొదటి పదునొకండు కిలోమీటర్ల ఎత్తులోనే యున్నవి. అది ఎడ్లబండిమీద మూడుగంటల ప్రయాణము. 12,742 కిలోమీటర్ల గోళముమీద అది మామిడిపండుపై తొక్కకంటె పలుచని పొర. మనమందఱము ఆ పొర అడుగున జీవించుచున్నాము.

ఇప్పుడు మా పెదతండ్రిగారి చేనికి వత్తము. ఆ చేనిలో రెండు నిలువులు త్రవ్వినచో నల్లరాయి తగులును. కువాకువా మీద నున్నట్టి రాయియే. అయితే పైన రెండు నిలువుల రేగడి ఎచ్చటినుండి వచ్చినది? ఆ రాయియే రేగడియైనది. వానచినుకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును తనలో కలుపుకొని పులిసి, రాతిని అణువణువుగా కరగించినది. ఎండకు విరిసి, చలికి ముడిగి రాయి బీటలు వారినది. ఆ బీటలలో గడ్డివేరు దూరినది. చీమలు, వానపాములు త్రవ్వినవి. ఆకులు రాలి కుళ్లినవి. ఇట్లు లెక్కలేనన్ని వర్షర్తువులు గడచిన పిమ్మట, వేసవిలో నెఱ్ఱెలు విచ్చి, వానకు ఉబ్బి, ప్రత్తిని జొన్నను పండించు రేగడి ఏర్పడినది. కువాకువా మీది రాతికి ఒక్క చినుకు దొరకలేదు. అందుచేత అది రాయిగానే యున్నది. రెండు చోట్లను రాయి ఒక్కటే. ఒకచోట అది అన్నము పెట్టుచున్నది, మరియొకచోట కొలిమివలె కాలుచున్నది.

"భూమివంటిది" అను మాటలో నిజమైన సగమిది, కాని సగమిది. భూమివంటి రాయి ఆకాశమున విస్తారముగా నున్నది. భూమివంటి చేను ఇంతవఱకు ఒక్కటియు దొరకలేదు. వెదకుట మానవలెనని నేననను. వెదకుటవలననే మనకున్నదాని విలువ లెక్కతో సహా తెలిసినది.

ఇక పోవుట మాట. 1977వ సంవత్సరమున అమెరికావారు వాయేజర్ అను నౌకను ఆకాశమునకు విడిచిరి. అది క్షణమునకు, అనగా ఒక సెకండునకు, 17 కిలోమీటర్లు పోవుచున్నది. ఇన్ని సంవత్సరములలో అది పోయిన దూరము వెలుగునకు సుమారు ఒక్క దినపు ప్రయాణము. ఇంచుమించు ఆ నౌక బయలుదేరిన కాలముననే కువాకువా సూర్యుని విడిచిన వెలుగు ఇప్పుడు మనలను చేరుచున్నది. ఆ నౌక వేగముతో మనము అచ్చటికి పోవలెనన్న 8 లక్షల 50 వేల సంవత్సరములు పట్టును. పోయి దిగినచో దొరకునది కాలిన నల్లరాయి.

ఈ ప్రసంగమును వ్రాసిన తరువాత మరల ఊరు పోయి, రచ్చకట్టమీదనే కూర్చుండి దీనిని మా పెదతండ్రిగారికి చదివి వినిపించితిని. మనుమడు కూడ వచ్చి కూర్చుండెను. వాడు షష్టిపూర్తి మాటకు నవ్వెను. వాయేజరు లెక్కకు నవ్వలేదు. పెదతండ్రిగారు చివరవఱకు మాటాడక వినిరి. విని, క్రింద నుండి ఒక రేగడి పెళ్ల తీసి వ్రేళ్లతో నలిపిరి.

"ఈ పిడికెడు మన్నగుటకు అంత కాలము పట్టినదా బిడ్డా?" అని అడిగిరి.

"పట్టినది, పెదనాయనా" అంటిని.

"మొన్నటి వానకు నా చేనిగట్టు తెగి, ఇట్టిది బండ్లకొలది కొట్టుకొనిపోయి చెరువులో పడినది" అని కొంతసేపు ఊరకుండిరి. పిదప మనుమనివైపు తిరిగి, "రేపు ఉదయము సర్పంచిగారింటికి పోదము, నీవును రా. ఈ వేసవిలోనే పూడిక తీయించి, ఆ మన్ను మరల చేలకు తోలించవలెను" అనిరి.

మఱునాడు తెల్లవారకముందే ఇద్దఱును బయలుదేరి పోవుట నేను చూచితిని.